రెట్రోకమిషనింగ్ పథకాలు

రెట్రోకమిషనింగ్ అనగా ఇప్పటికే వాడుకలో ఉన్న భవనంలోని శీతలీకరణ, తాపన, గాలి సరఫరా, దీపాలు, వాటిని నడిపే నియంత్రణ వ్యవస్థలను క్రమపద్ధతిలో పరీక్షించి, లోపాలను వెదకి సరిదిద్దే ప్రక్రియ. పాత యంత్రాలను తీసివేసి కొత్తవి పెట్టడం దీని ముఖ్యోద్దేశం కాదు. ఉన్న యంత్రాలనే అవసరమైన సమయంలో, అవసరమైన మేరకు మాత్రమే నడిచేటట్లు చేయడం దీని లక్ష్యం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అనేక విద్యుత్, గ్యాస్ పంపిణీ సంస్థలు (వీటిని యుటిలిటీలు అంటారు) వాణిజ్య భవనాల యజమానులకు ఈ పని చేయించుకోవడానికి ఆర్థిక సహాయం అందిస్తున్నాయి. ఇటువంటి సహాయాన్నే రెట్రోకమిషనింగ్ పథకం అంటారు. కార్యాలయాలు, ఆసుపత్రులు, హోటళ్ళు, విశ్వవిద్యాలయాలు, పెద్ద దుకాణ సముదాయాలు ఈ పథకాలలో ఎక్కువగా పాల్గొంటాయి.

పేరు, అర్థం

కమిషనింగ్ అనే మాట నౌకా నిర్మాణం నుండి వచ్చింది. కొత్త ఓడను సేవలోకి తీసుకొనే ముందు దాని ఇంజన్లు, పంపులు, ఇతర సామగ్రి అన్నీ సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షిస్తారు. విశాఖపట్నంలో కొత్త యుద్ధనౌకలు నౌకాదళంలో చేరినప్పుడు తెలుగు పత్రికలు కూడా "కమిషన్ చేశారు" అనే వ్రాస్తాయి. ఇదే పద్ధతిని భవనాలకు వర్తింపజేస్తే అది భవన కమిషనింగ్ అవుతుంది. ఇందులో మూడు రకాలున్నాయి.

* రెట్రోకమిషనింగ్: నిర్మాణ సమయంలో కమిషనింగ్ జరగని భవనానికి తరువాతి కాలంలో మొదటిసారి చేసేది.
* రీకమిషనింగ్: ఒకసారి కమిషనింగ్ జరిగిన భవనానికి కొన్నేళ్ళ తరువాత మళ్ళీ చేసేది.
* నిరంతర కమిషనింగ్: మీటర్లు, సెన్సర్ల సమాచారాన్ని ఎప్పటికప్పుడు గమనిస్తూ లోపాలను వెంటనే సరిదిద్దేది.

వాడుకలో ఈ మూడింటికీ కలిపి రెట్రోకమిషనింగ్ అనే పేరే తరచు వినబడుతుంది.

ఎందుకు అవసరం

పెద్ద భవనం ఒకసారి కట్టిన తరువాత మారకుండా ఉండదు. అద్దెదారులు మారుతారు, గోడలు జరుగుతాయి, పని వేళలు మారుతాయి. ఎవరో ఒకరు చలిగా ఉందని ఫిర్యాదు చేస్తే నిర్వాహకుడు ఆ రోజుకు ఒక అమరికను మారుస్తాడు. తరువాత దానిని యథాస్థితికి తేవడం మరచిపోతారు. సెన్సర్లు క్రమంగా తప్పు కొలతలు చూపుతాయి. గాలి మార్గాన్ని తెరచి మూసే డ్యాంపర్లు ఒకే స్థితిలో బిగుసుకుపోతాయి.

ఈ లోపాలలో చాలావాటిని భవనంలో ఉండేవారు గుర్తించలేరు. ఉదాహరణకు ఒక చల్లని నీటి వాల్వు పూర్తిగా మూసుకోక కారుతూ ఉంటే గాలి అవసరానికి మించి చల్లబడుతుంది. దానికి తరువాత ఉన్న తాపన యూనిట్ ఆ గాలిని మళ్ళీ వేడి చేస్తుంది. గదిలో ఉష్ణోగ్రత సరిగానే ఉంటుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. కాని యజమాని ఒకే గాలిని చల్లబరచడానికి ఒకసారి, వేడి చేయడానికి మరొకసారి డబ్బు చెల్లిస్తూ ఉంటాడు. ఒక లోపాన్ని మరొక యంత్రం కప్పిపుచ్చుతుంది కాబట్టి మామూలు మరమ్మతులలో ఇవి బయటపడవు. అందుకే వీటిని ప్రత్యేకంగా వెదకవలసి వస్తుంది.

చరిత్ర

భవన కమిషనింగ్ 1970, 1980 దశకాలలో ఉత్తర అమెరికాలో రూపుదిద్దుకొంది. తాపన, శీతలీకరణ ఇంజనీర్ల సంఘమైన ఆష్రే 1989లో కమిషనింగ్ పై తన మొదటి మార్గదర్శకాన్ని ప్రచురించింది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు శక్తి వ్యవస్థల ప్రయోగశాల పరిశోధకులు, ఆ రాష్ట్రంలోని లోన్‌స్టార్ రుణ పథకం క్రింద మార్పులు జరిగిన ప్రభుత్వ భవనాల మీటర్ల సమాచారాన్ని విశ్లేషించారు. కొత్త సామగ్రి పెట్టిన భవనాలలో కూడా నియంత్రణ లోపాలను సరిదిద్దితే గణనీయమైన పొదుపు వస్తుందని ఆ పనిలో తేలింది.

1993 నుండి భవన కమిషనింగ్ పై జాతీయ సదస్సులు జరిగాయి. 1999లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల, పోర్ట్‌లండ్ ఎనర్జీ కన్సర్వేషన్ సంస్థ కలిసి వాడుకలో ఉన్న భవనాల కమిషనింగ్ పై ఒక ఆచరణాత్మక కరదీపికను వెలువరించాయి. 2000 తరువాతి దశకంలో కాలిఫోర్నియా, కొలరాడో, మిన్నెసోటా, ఇల్లినాయిస్ మొదలైన రాష్ట్రాల యుటిలిటీలు ఈ పనిని తమ పొదుపు కార్యక్రమాలలో చేర్చుకొన్నాయి.

యుటిలిటీలు ఎందుకు సహాయం చేస్తాయి

విద్యుత్తు అమ్మే సంస్థ విద్యుత్తు తక్కువ వాడమని డబ్బు ఇవ్వడం మొదట వింతగా తోస్తుంది. దీనికి ప్రధానంగా మూడు కారణాలున్నాయి.

మొదటిది చట్టం. అనేక రాష్ట్రాలు ప్రతి ఏటా ఇంత శక్తి ఆదా చేయించాలని యుటిలిటీలకు లక్ష్యాలు విధించాయి. ఇల్లినాయిస్ రాష్ట్రంలో 2007లో చేసిన చట్టం ప్రకారం 2008 నుండి ఇటువంటి లక్ష్యాలు అమలులోకి వచ్చాయి. షికాగో ప్రాంతానికి విద్యుత్తు అందించే కామన్‌వెల్త్ ఎడిసన్ సంస్థ తన రెట్రోకమిషనింగ్ పథకాన్ని ఈ చట్టం తరువాతనే నడపసాగింది. ఒకే భవనంలో విద్యుత్తు, గ్యాస్ రెండూ ఆదా అవుతాయి కాబట్టి ఆ ప్రాంతపు గ్యాస్ సంస్థలు కూడా ఇందులో భాగస్వాములయ్యాయి.

రెండవది ఖర్చు. కొత్త విద్యుత్ కేంద్రాలు, తీగలు, ఉపకేంద్రాలు నిర్మించడం కంటే ఉన్న వాడకాన్ని తగ్గించడం చాలా సందర్భాలలో చవక. వేసవి మధ్యాహ్నాలలో కార్యాలయాల శీతలీకరణ వలన గిరాకీ శిఖరానికి చేరుతుంది. ఆ సమయంలో తగ్గే ప్రతి కిలోవాట్ విలువైనదే.

మూడవది రాబడి నియమాలు. కొన్ని రాష్ట్రాలలో యుటిలిటీ ఆదాయం అది అమ్మిన యూనిట్ల సంఖ్యపై ఆధారపడకుండా నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది. కాలిఫోర్నియాలో విద్యుత్ సంస్థలకు ఇటువంటి విధానం 1980 దశకంలోనే మొదలయింది.

ఈ పథకాలకు కావలసిన సొమ్ము వినియోగదారులందరి బిల్లులలో చేర్చే చిన్న రుసుము నుండి వస్తుంది. అందువలన ప్రతి పథకం ఖర్చును, ఫలితాన్ని నియంత్రణ మండలి సమీక్షిస్తుంది.

పథకం నడిచే విధానం

వివరాలు సంస్థను బట్టి మారినా పథకాలన్నీ దాదాపు ఒకే క్రమంలో నడుస్తాయి.

దరఖాస్తు, ఎంపిక

యజమాని దరఖాస్తుతో పాటు గడచిన ఒకటి రెండు సంవత్సరాల బిల్లులు, భవన వైశాల్యం, యంత్రాల వివరాలు సమర్పిస్తాడు. సాధారణంగా పెద్ద భవనాలను, వాటిలోనూ కంప్యూటర్ ఆధారిత నియంత్రణ వ్యవస్థ ఉన్నవాటిని ఎంచుకొంటారు. యంత్రాలు మరీ పాతబడి త్వరలో మార్చవలసినవైతే ఆ భవనాన్ని యంత్రాల మార్పిడి రాయితీ పథకాలకు పంపిస్తారు. భవన నిర్వాహక సిబ్బంది సహకారం కూడా ఎంపికలో ముఖ్యమైన అంశం.

ఒప్పందం

యుటిలిటీ, యజమాని, సేవాసంస్థ (ఇంజనీరింగ్ కంపెనీ) మధ్య ఒప్పందం కుదురుతుంది. కొన్ని పథకాలలో అధ్యయన ఖర్చు మొత్తాన్ని, కొన్నింటిలో అందులో పెద్ద భాగాన్ని యుటిలిటీ భరిస్తుంది. బదులుగా, నిర్ణీత కాలంలో పెట్టుబడి తిరిగివచ్చే చర్యలను ఒక పరిమితి వరకు సొంత ఖర్చుతో అమలు చేస్తానని యజమాని ముందే అంగీకరిస్తాడు. అధ్యయన నివేదిక బీరువాలో మూలపడకుండా ఉండటానికే ఈ షరతు. మాట తప్పిన యజమాని నుండి అధ్యయన ఖర్చును తిరిగి రాబట్టే నిబంధన కూడా కొన్ని ఒప్పందాలలో ఉంటుంది.

పరిశోధన

ఇది అన్నింటికంటే ఎక్కువ సమయం తీసుకొనే దశ. ఇంజనీర్లు నక్షాలు చదువుతారు, సిబ్బందితో మాట్లాడతారు, రాత్రివేళల్లో, సెలవు దినాల్లో భవనం ఎలా నడుస్తున్నదో గమనిస్తారు. నియంత్రణ వ్యవస్థలో ఉష్ణోగ్రతలు, పీడనాలు, వాల్వుల స్థితి మొదలైనవాటిని కొన్ని నిమిషాలకొకసారి నమోదయ్యేటట్లు చేసి వారాల తరబడి సేకరిస్తారు. కంప్యూటర్ తెరపై "మూసి ఉంది" అని కనిపించే డ్యాంపరు నిజంగా మూసుకొన్నదో లేదో పైకప్పు ఎక్కి చూస్తారు. చివరకు ప్రతి లోపానికీ ఖర్చు, పొదుపు, పెట్టుబడి తిరిగివచ్చే కాలం లెక్కగట్టి జాబితా తయారు చేస్తారు.

అమలు

యజమాని జాబితాలోని చర్యలను ఎంచుకొని తన సిబ్బందితో గాని గుత్తేదారులతో గాని చేయిస్తాడు. కొన్ని పథకాలు ఆదా అయిన ప్రతి యూనిట్‌కు అదనపు ప్రోత్సాహకం ఇస్తాయి.

నిర్ధారణ, అప్పగింత

పనులు పూర్తయిన తరువాత ఇంజనీర్లు మళ్ళీ కొలతలు తీసి పొదుపును నిర్ధారిస్తారు. వాతావరణ తేడాల ప్రభావాన్ని తొలగించడానికి వాడకాన్ని బయటి ఉష్ణోగ్రతతో సరిచూస్తారు. నిర్వాహక సిబ్బందికి శిక్షణ ఇచ్చి, మార్చిన అమరికలన్నింటినీ వ్రాతపూర్వకంగా అప్పగిస్తారు. యుటిలిటీ ప్రకటించిన పొదుపును తరువాత స్వతంత్ర మూల్యాంకన సంస్థ తనిఖీ చేస్తుంది.

సాధారణంగా దొరికే లోపాలు

* వేళల లోపం: వారానికి 168 గంటలు. ఐదు రోజులు, రోజుకు 13 గంటలు నడిచే కార్యాలయానికి గాలి సరఫరా 65 గంటలు చాలు. ఫ్యాన్లు ఎల్లవేళలా తిరుగుతుంటే 103 గంటలు ఖాళీ గదులకు గాలి అందుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి అయ్యే ఖర్చు స్వల్పం.
* ఫ్యాన్ల వేగం: ఫ్యాను వాడే శక్తి దాని వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే సిద్ధాంతరీత్యా శక్తి దాదాపు సగానికి (51 శాతానికి) తగ్గుతుంది. వేగాన్ని తగ్గించే డ్రైవు అమర్చి ఉన్నా, దానిని పూర్తి వేగంలోనే వదిలివేసిన భవనాలు తరచు కనిపిస్తాయి.
* ఎకనమైజర్ లోపం: బయట చల్లగా ఉన్నప్పుడు ఆ గాలినే లోపలికి తెచ్చి చిల్లర్లకు విశ్రాంతి ఇవ్వవచ్చు. డ్యాంపర్లు బిగుసుకుపోతే ఈ ఉచిత చల్లదనం దక్కదు. అవి తెరచిన స్థితిలో బిగుసుకుంటే శీతాకాలంలో తాపన ఖర్చు పెరుగుతుంది.
* ఏకకాలంలో తాపనం, శీతలీకరణ: పైన వివరించిన వాల్వు వంటి లోపాలు.
* తప్పు చూపే సెన్సర్లు: ఒక్క సెన్సరు తప్పు చూపితే దానిపై ఆధారపడిన యంత్రాలన్నీ తప్పుగా నడుస్తాయి.
* స్థిర అమరికలు: బయటి వాతావరణంతో పాటు మారవలసిన నీటి ఉష్ణోగ్రత, గాలి పీడనం ఏడాది పొడవునా ఒకే విలువ వద్ద ఉండిపోవడం.

ఖర్చు, ప్రయోజనం

లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల ఈ విషయంపై పలుమార్లు సమాచారాన్ని క్రోడీకరించింది. 2009 నివేదికలో 26 రాష్ట్రాలలోని 643 భవనాలు ఉన్నాయి. అందులో వాడుకలో ఉన్న భవనాల కమిషనింగ్‌కు చదరపు అడుగుకు మధ్యస్థంగా 30 సెంట్లు ఖర్చు కాగా, మొత్తం శక్తిలో 16 శాతం ఆదా అయింది. పెట్టుబడి 1.1 సంవత్సరాలలో తిరిగివచ్చింది. 2020లో సుమారు 1,500 భవనాలతో వచ్చిన విశ్లేషణలో మధ్యస్థ పొదుపు 6 శాతం, పెట్టుబడి తిరిగివచ్చే కాలం 1.7 సంవత్సరాలుగా తేలింది. యుటిలిటీ పథకాల క్రింద జరిగిన పనులలో పొదుపు, ఇతర కమిషనింగ్ పనుల కంటే తక్కువగా కనిపించింది. త్వరగా డబ్బు తిరిగివచ్చే కొద్ది చర్యలకే పరిమితం కావడం ఇటువంటి తేడాకు దారితీయగలదు.

యజమానికి లెక్క ఎలా ఉంటుందో ఈ ఊహాత్మక ఉదాహరణలో చూడవచ్చు. 2,00,000 చదరపు అడుగుల కార్యాలయ భవనానికి ఏటా 4,00,000 డాలర్ల శక్తి బిల్లు వస్తున్నదనుకొందాం. అధ్యయనానికి 40,000, సవరణలకు 20,000 డాలర్లు ఖర్చయి, 10 శాతం ఆదా అయితే ఏటా 40,000 డాలర్లు మిగులుతాయి. సహాయం లేకపోతే 60,000 డాలర్లు తిరిగిరావడానికి ఏడాదిన్నర పడుతుంది. అధ్యయన ఖర్చును యుటిలిటీ భరిస్తే యజమాని పెట్టిన 20,000 డాలర్లు ఆరు నెలల్లోనే తిరిగివస్తాయి. అధ్యయనంలో ఏమి బయటపడుతుందో ముందుగా తెలియకపోవడమే యజమానుల సంకోచానికి ముఖ్యకారణం. యుటిలిటీ సహాయం ప్రధానంగా ఆ అనిశ్చితినే తొలగిస్తుంది.

పరిమితులు, విమర్శలు

పొదుపు నిలవకపోవడం ప్రధాన సమస్య. అమరికలు మార్చడం ఎంత తేలికో, వాటిని మళ్ళీ చెడగొట్టడం అంతే తేలిక. శిక్షణ పొందిన నిర్వాహకుడు ఉద్యోగం మారితే రెండు మూడేళ్ళలో భవనం పాత స్థితికి చేరవచ్చు. ఈ కారణంగానే నిరంతర పర్యవేక్షణతో కూడిన కమిషనింగ్ వైపు పథకాలు మళ్ళాయి. కాలిఫోర్నియాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, యుటిలిటీలు కలిసి 2004 ప్రాంతంలో ఈ తరహా కార్యక్రమాన్ని చేపట్టాయి.

అద్దె భవనాలలో మరొక చిక్కు ఉంది. బిల్లు అద్దెదారు చెల్లిస్తూ, సవరణల ఖర్చు యజమాని భరించవలసి వస్తే, ప్రయోజనం ఒకరికి, భారం మరొకరికి అవుతుంది. నియంత్రణ వ్యవస్థలు లేని చిన్న భవనాలలో అధ్యయన ఖర్చు పొదుపును మించిపోతుంది కాబట్టి అవి ఈ పథకాలకు దూరంగా ఉండిపోతాయి. అయినా రుసుము మాత్రం చిన్న దుకాణదారుల బిల్లులలో కూడా ఉంటుంది. సహాయం లేకున్నా ఈ పని చేయించుకోగల సంపన్న సంస్థలకు అందరి సొమ్ము వెళ్తున్నదనే విమర్శ దీనినుండే వచ్చింది. మూల్యాంకన సంస్థలు అటువంటి వారి వాటాను అంచనా వేసి పథకం పొదుపు నుండి తీసివేస్తాయి.

స్వచ్ఛంద పథకాలతో పాటు కొన్ని నగరాలు చట్టం మార్గాన్ని కూడా ఎంచుకొన్నాయి. న్యూయార్క్ నగరం 2009లో చేసిన 87వ నంబరు స్థానిక చట్టం ప్రకారం 50,000 చదరపు అడుగులకు మించిన భవనాలు పదేళ్ళకొకసారి శక్తి తనిఖీ, రెట్రోకమిషనింగ్ జరిపించి నగరానికి నివేదిక ఇవ్వాలి.

ఇవి కూడా చూడండి

* శక్తి పొదుపు
* హరిత భవనాలు
* శీతలీకరణ