మాట తెలియునట్లు వినుట

శ్రోతలు కొందరు పాత టేపులను కంప్యూటరులోనికి ఎక్కించి వినుచున్నారు. మొన్న మేము కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోయినప్పుడు ఒక పెద్దాయన, గతించిన తమ అన్నగారి హరికథను, రేడియో నుండి పట్టినదానిని, వినుచుండిరి. "చప్పుడైతే పెద్దగనే ఉన్నది, మాటనే తెలుస్తలేదు" అనిరి. మనుమడు వి.ఎల్.సి. ప్లేయరు ఈక్వలైజరులో మంద్రపు మీటలన్నియు పైకెత్తి యుంచినాడు!

అందు పది మీటలు కలవు. ఎడమ కొన 60 హెర్ట్‌జులు, అనగా సెకనుకు 60 కంపనములు; కుడి కొన 16,000. మృదంగపు గుమ్మనుట ఎడమ ప్రక్కది. హల్లుల స్పష్టతకు 3,000 మీట ముఖ్యము. మంద్రము మితిమీరినచో హల్లులను మ్రింగివేయును. మీడియం వేవ్ ప్రసారములో సుమారు 5,000కు పైన ధ్వని అరుదు. అచటి మీటల నెత్తినచో టేపు బుసయే పెరుగును. లేని స్వరమును ఏ మీటయు తేజాలదు.

కావున తగ్గించుటయే మేలని 60, 170 మీటలను దించితిమి. 12,000 మొదలు పైవానిని గూడ దించితిమి. 3,000ను మాత్రము 3 డెసిబెల్సు ఎత్తి, ధ్వని పగులకుండ ప్రీయాంపును అంతే తగ్గించితిమి. ప్రతిధ్వనిని తీసివేసితిమి, ఇంటిలో వినెడి కథకు గుడి మండపమెందులకు?

పెద్దాయన కొంతసేపు మాటాడలేదు. "మా అన్న పాట ఎత్తుకునే ముందు చిన్నగ దగ్గేటోడు. అది గూడ వినవడ్డది" అనిరి.