పచ్చబొట్టు నొప్పి: ఏది మామూలు, ఏది ప్రమాదం?

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు రోడ్డు వెంట టాటూ బోర్డులు కనిపిస్తుంటాయి. మా ఓ.పి.కి వచ్చే యువతీ యువకులు "సిస్టర్, ఎంత నొప్పి పుడుతుంది?" అని అడుగుతుంటారు. తల్లిదండ్రులు మాత్రం "ప్రమాదమేమైనా ఉందా?" అంటారు. నొప్పి వేరు, ప్రమాదం వేరు. ఆ తేడా అందరూ తెలుసుకోవాలి.

పచ్చబొట్టు మనకు కొత్త కాదు. పెద్దవారి చేతుల మీద చుక్కలు, పేర్లు ఇప్పటికీ చూస్తుంటాము. పూర్వం ఊరూరా తిరిగే ఎరుకల స్త్రీలు సూదులతో పొడిచి రంగు ఎక్కించేవారు. నొప్పి మరిపించడానికి పాటలు పాడేవారు.

ఎలా ఉంటుంది?

ఇప్పుడు ఆ పని మిషన్ చేస్తుంది. సూది చర్మంలోకి సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. మేము కండకు ఇచ్చే ఇంజెక్షన్ అంతకంటే చాలా లోతుకు వెళ్తుంది. కాని ఇంజెక్షన్ ఒక్క పోటుతో అయిపోతుంది. టాటూ సూది నిమిషానికి వందల, వేల సార్లు గుచ్చుతుంది. నరాల కొసలు ఆ పొరలోనే ఉంటాయి.

గీతలు గీసేటప్పుడు పిల్లి గీరినట్లు చురుక్కుమంటుంది. రంగు నింపేటప్పుడు ఎండకు కమిలిన చోట రుద్దినట్లు మంటగా ఉంటుంది. భుజం బయటివైపు, తొడ మీద నొప్పి తక్కువ. పక్కటెముకలు, చీలమండ, మణికట్టు లోపలివైపు ఎక్కువ.

ఆపరేషన్ అయినవారిని "నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" అని మేము అడుగుతాము. ఒకే ఆపరేషన్‌కు ఒకరు 3 అంటారు, మరొకరు 7 అంటారు. టాటూ కూడా అంతే. ఖాళీ కడుపు, నిద్రలేమి, భయం ఉంటే కళ్ళు తిరగవచ్చు. కాబట్టి టిఫిన్ చేసి వెళ్ళాలి. మద్యం తాగి వెళ్ళకూడదు.

తిమ్మిరి క్రీములను డాక్టరు సలహా లేకుండా ఎక్కువ మేర పూసి, పైన ప్లాస్టిక్ చుట్టవద్దు. మందు రక్తంలో చేరితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అమెరికా ఎఫ్.డి.ఏ. కూడా 2024 మార్చిలో ఇటువంటి క్రీముల గురించి హెచ్చరించింది.

తరువాత ఏది మామూలు?

రెండు మూడు రోజులు ఎరుపు, మంట ఉంటాయి. తరువాత దురద పుట్టి పొట్టు రాలుతుంది. గోకవద్దు. శుభ్రమైన నీటితో, సబ్బుతో మెల్లగా కడగండి. పసుపు, సున్నం పెట్టవద్దు. రెండు మూడు వారాలలో పైచర్మం మానుతుంది.

మూడో రోజు తరువాత నొప్పి తగ్గక పెరిగినా, ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

నొప్పి లేని ప్రమాదం

ఒకరికి వాడిన సూది, అదే రంగు గిన్నె మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. సోకవచ్చు. అవి సోకినట్లు ఆ రోజు తెలియదు. హెపటైటిస్ బి లక్షణాలు బయటపడటానికి 1 నుండి 6 నెలలు పట్టవచ్చు, కొందరికి అసలు కనిపించవు. దీనికి టీకా ఉంది, హెపటైటిస్ సి కి లేదు. హెపటైటిస్ బి టీకా దేశమంతటా శిశువుల టీకాలలో చేరింది 2011 నాటికి. అంతకు ముందు పుట్టినవారు తమ కార్డు చూసుకోవాలి.

వేయించుకునే ముందు ఇవి చూడండి:

• సూది ప్యాకెట్ మీ ఎదుటే విప్పాలి.
• చేతులకు కొత్త గ్లౌజులు, రంగుకు కొత్త గిన్నె ఉండాలి. జాతరలో, రోడ్డు పక్కన ఇవి కష్టం.
• షుగర్ ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గాయం మచ్చ గడ్డలా పెరిగేవారు ముందుగా డాక్టరును అడగాలి.
• వేయించుకున్నాక 12 నెలలు రక్తదానం చేయకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో తిడతారని పిల్లలు పొడుగు చేతుల చొక్కా కింద పుండు దాచుకుంటారు. చీము పట్టాక గాని మా దగ్గరకు రారు. ముందు గాయం చూడండి, ఆసుపత్రికి తీసుకురండి. కోప్పడటం తరువాత చూసుకోవచ్చు.