మద్యవ్యసనము – స్త్రీ పురుష భేదములు

మానవ సమాజమును పీడించు వ్యసనములలో మద్యపానము ప్రధానమైనది. మా వినుకొండ ప్రాంతమున ఈ మాట వినగానే స్ఫురించునది పత్తి తీతలలో, మిరప కోతలలో వచ్చిన కూలిని దుకాణమున పోగొట్టు పురుషుడు, ఇంట కన్నీరు కార్చు ఇల్లాలు. ఇది చాలవరకు యథార్థమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 సంవత్సరములు నిండిన పురుషులలో నూటికి సుమారు 23 మంది మద్యము సేవించుచుండగా, స్త్రీలలో నూటికి ఒక్కరైనను లేరు. కాని పొరుగున తెలంగాణలో స్త్రీల సంఖ్య నూటికి దాదాపు 7. కావున స్త్రీలలోని మద్యవ్యసనమును గూర్చియు తెలిసికొనుట అవసరమని మేము భావించితిమి.

ఒకే పరిమాణము గల మద్యము స్త్రీ పురుషులపై ఒకే విధముగా పనిచేయదు. పురుషుని శరీరమున నీటి భాగము నూటికి సుమారు 60 కాగా, స్త్రీ శరీరమున సుమారు 50. మద్యము నీటిలో కలిసి వ్యాపించును గనుక, నీరు తక్కువైనచోట రక్తములో దాని గాఢత హెచ్చును. జీర్ణాశయములో మద్యమును కొంత విచ్ఛిన్నము చేయు ఎంజైము స్త్రీలలో తక్కువగా పనిచేయునని 1990లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. ఈ కారణములచే స్త్రీల కాలేయము తక్కువ మోతాదుకే, తక్కువ కాలములోనే చెడును. రొమ్ము క్యాన్సర్ ప్రమాదమును పెరుగును. గర్భిణి సేవించిన మద్యము శిశువు మెదడును, ముఖ నిర్మాణమును దెబ్బతీయునని 1973లో అమెరికా వైద్యులు స్పష్టముగా నిరూపించిరి.

వ్యసనమునకు దారితీయు మార్గములును భిన్నములే. పురుషుడు తరచుగా స్నేహితుల నడుమ, మగతనమునకు గుర్తుగా ఆరంభించును. అతనిలో దాని ఫలితము కలహములుగా, ప్రమాదములుగా బయటపడును. స్త్రీలలో పెక్కుమందికి మనోవ్యాకులత, దుఃఖము, గృహహింస ముందు వచ్చును. మద్యము తరువాత వచ్చును. పురుషుని త్రాగుడును లోకము అలవాటు అనును, స్త్రీ త్రాగుడును శీలలోపము అనును. అందువలన ఆమె రహస్యముగా సేవించును. వైద్యుని వద్ద నిద్రలేమి, కడుపునొప్పి అని చెప్పునే గాని అసలు మాట చెప్పదు. ఈ సిగ్గే ఆమెకు చికిత్సను దూరము చేయుచున్నది.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ప్రారంభించిన సారా వ్యతిరేకోద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. త్రాగుడు ఒక్కని సొంత విషయము కాదని ఆ స్త్రీలు లోకమునకు చాటిరి. అయితే చట్టము సీసాను తొలగింపగలదు గాని రోగమును నయము చేయజాలదు. వ్యసనము ముదిరినవారు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయమును సంభవింపవచ్చును. కావున వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను.

మద్యవ్యసనము స్త్రీకైనను పురుషునికైనను రోగమే. రోగిని నిందించుట చికిత్స కాదు. మానసిక సహాయమునకై ప్రభుత్వము 2022లో ఏర్పాటుచేసిన టెలీ మానస్ సంఖ్య 14416. మన విద్యార్థినీ విద్యార్థులు ఈ సంఖ్యను తమ వీధులలో తెలియజేసి, బాధితురాలిని వేలెత్తి చూపుటకు బదులు ఆసుపత్రికి తోడు వెళ్లినచో, వారి చదువు సార్థకమగునని మా విశ్వాసము.