చందా కొందరిది, చదువు అందరిది

ఒకప్పటి పల్లె నార్సింగి నేడు హైదరాబాదు ఐటీ ఉద్యోగుల నివాసమైనది. అక్కడ ఒకరు ఇంటనే పాఠములు సిద్ధపరచి అంతర్జాలమున వినిపింపదలచిరనుకొందము. చందాదారులకే వినిపించినచో పేద విద్యార్థికి తలుపు మూసినట్లగును. అందరికిని ఉచితమన్నచో పాఠము చెప్పువారికి ఇల్లు గడవదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1906లో ఈ హైదరాబాదులోనే కొమర్రాజు లక్ష్మణరావుగారును మిత్రులును విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్ర, శాస్త్ర గ్రంథములను తెలుగున వెలువరించిరి. చందాదారులు వానికి ఆధారమైరి. 1901లో ఇచ్చటనే వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములు, పుస్తకము కొనలేనివారికిని చదువు అందించినవి.

గ్రంథమునకు పెద్ద ఖర్చు మొదటి ప్రతితోనే తీరును. తరువాతి ప్రతులకు కాగితము, అచ్చుకూలి చాలును. అంతర్జాలమున అదియు స్వల్పమే. కావున చందా ఆ మొదటి ప్రతిని పుట్టించుటకే ముఖ్యముగా అక్కరకు వచ్చును.

రేడియో గల కుటుంబములకు ఇది అనుభవమే. 1980వ దశకమున రద్దగు వరకు రేడియోకు లైసెన్సు రుసుము ఉండెడిది. ఒక ఇంటివారు చెల్లించెడివారు. అరుగుమీద చేరిన ఇరుగుపొరుగువారును వార్తలు వినెడివారు. అందువలన ఆ ఇంటివారికి కలిగిన లోటు లేదు.

పాఠమును అందరికిని విడిచి, సందేహములు తీర్చు సమయమునకు చందా గొనుట న్యాయమని మాకు తోచుచున్నది. అయితే చెల్లింపగలవారు తమ వంతు మరువరాదు. వారు మానినచో ఉచితముగా వినువారికిని రేపు పాఠముండదు.