ఉక్కు పెట్టెలో స్మార్ట్‌కార్డు రీడర్ ఎందుకు మొరాయిస్తుంది?

మెట్రో స్టేషన్ గేటు వద్ద కార్డు ఆనించగానే దారి తెరుచుకుంటుంది. బస్సులోని టికెట్ యంత్రం, కార్యాలయంలోని హాజరు యంత్రం కూడా ఇలాగే కార్డును చదువుతాయి. ఇలాంటి యంత్రాలను తయారుచేసేవారు చాలాసార్లు రీడర్‌ను సొంతంగా రూపొందించుకోరు. సిద్ధంగా దొరికే మాడ్యూల్‌ను కొని అమర్చుకుంటారు. విద్యుత్ సరఫరా ఇచ్చి, కొన్ని తీగలతో ప్రధాన బోర్డుకు కలిపితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ బల్లపై చక్కగా పనిచేసిన మాడ్యూల్, ఉక్కు పెట్టెలో బిగించాక కార్డును గుర్తించకపోవచ్చు.

కారణం తెలియాలంటే కార్డు పనితీరు చూడాలి. అందులో బ్యాటరీ ఉండదు. ఒక చిప్, దానికి కలిపిన తీగచుట్ట మాత్రమే ఉంటాయి. రీడర్ యాంటెన్నా 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం ప్రకారం, ఆ క్షేత్రం వల్ల కార్డు తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. చిప్ దానితోనే మేల్కొంటుంది. జవాబు చెప్పడానికి, తాను తీసుకునే విద్యుత్తును వేగంగా పెంచుతూ తగ్గిస్తుంది. ఆ స్వల్ప మార్పును రీడర్ తన యాంటెన్నాలో పసిగడుతుంది. ఇదంతా సాధారణంగా 10 సెంటీమీటర్ల లోపు దూరంలోనే సాధ్యం.

అదే క్షేత్రం పక్కనున్న లోహపు రేకులోనూ సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. వాటి నుంచి వెలువడే క్షేత్రం అసలు క్షేత్రాన్ని అడ్డుకుంటుంది. యాంటెన్నా ఇండక్టెన్స్ కూడా తగ్గి, అది శ్రుతి తప్పుతుంది. అప్పుడు కార్డుకు చాలినంత శక్తి అందదు. ప్రయాణికుడు మళ్లీమళ్లీ కార్డు ఆనించాల్సి వస్తుంది, వెనుక వరుస పెరుగుతుంది.

దీనికి పరిష్కారాలున్నాయి. యాంటెన్నా ముందు లోహానికి బదులు ప్లాస్టిక్ మూత ఉంచాలి. వెనుక లోహం ఉంటే వీలైనంత ఎడం ఇవ్వాలి. చోటు లేకపోతే మధ్యలో ఫెర్రైట్ పలక అతికించాలి. అది అయస్కాంత క్షేత్రానికి సులువైన దారి చూపి, లోహంలోకి పోకుండా మళ్లిస్తుంది. అయితే ఫెర్రైట్ వల్ల ఇండక్టెన్స్ పెరుగుతుంది. కాబట్టి కెపాసిటర్ల విలువలు మార్చి యాంటెన్నాను తిరిగి శ్రుతి చేయాలి.

2019లో ప్రారంభమైన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు ఉద్దేశం, వేర్వేరు నగరాల్లో ఒకే కార్డుతో ప్రయాణించడం. కార్డు ఒకటే అయినా దాన్ని చదివే యంత్రాల పెట్టెలు వేర్వేరు. అందుకే మాడ్యూల్‌ను విడిగా పరీక్షిస్తే సరిపోదు. అన్ని భాగాలూ బిగించి, మూత వేసిన యంత్రంలోనే పరీక్షించాలి.