నోటుబుక్కు నిండితే సదువొచ్చినట్టేనా?

ఫిలింనగర్ అంటే మనకు స్టూడియోలు, హీరోల బంగ్లాలే యాదికొస్తయ్. ఆ బంగ్లాల ఎనుక బస్తీలున్నయ్. షూటింగుల్ల లైట్లు మోసేటోళ్ల పిల్లలు, ఇండ్లల్ల పనికి పోయేటోళ్ల పిల్లలు ఎక్కువ సర్కారు బడికే పోతరు. అసొంటి బడిల ఒకటో తరగతిల నేను కొన్నిరోజులు కూసున్న. ఒక పిల్లగాడు పేజీ నిండ 'అమ్మ' అని సక్కగ రాసిండు. గదే మాట గోడమీద చూపెడితే చదవలే. అది రాసుడు గాదు, బొమ్మ గీసుడు.

2022 ఆగస్టు 15న మన రాష్ట్రంల షురువైన 'తొలిమెట్టు' గీ తిప్పలకే వచ్చింది. 1 నుంచి 5వ తరగతి దాక ముందుగాల పరీక్ష పెట్టి, ఎవరు ఏ మెట్టు మీదున్నరో చూసి, ఆడికెల్లే చెప్పాలె. మూడో తరగతైనా సరే, అక్షరాలు రాకుంటే అక్షరాల కాడికే పోవాలె. అదే ఏడు సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం గూడ వచ్చింది. ఇంట్ల ఒక మాట, బడిల ఇంకో మాట, నడుమ ఆరేండ్ల పోరడు!

అందుకే టీచరమ్మ పుస్తకం పక్కకు వెట్టి, "మీ నాయిన ఏం పని జేస్తడు రా?" అనడిగింది. వాడు లైట్ల ముచ్చట జెప్పుకుంట ఆగలే. ఆమె బోర్డు మీద 'లైటు' రాసి, 'ల' చూపెట్టింది. తర్వాత 'పలక' అని రాస్తే, అండ్ల 'ల'ను వాడే దొరకబట్టిండు.

సాయంత్రం వాళ్లమ్మ గేటు కాడ నోటుబుక్కు తిరగేసి, "ఇయ్యాల ఏం రాపియ్యలేదా మేడం?" అన్నది.