పాత నిబంధనలో కనికరం లేదా?

మెన్నొనైట్ బ్రదరన్ మిషన్ 1899లో హైదరాబాదులో పని మొదలుపెట్టి, తర్వాత నాగర్‌కర్నూలుకు వచ్చింది. అప్పటినుంచి బిజినేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో వాక్యం వినిపిస్తూనే ఉంది. దాంతోపాటే ఒక మాటా పాకింది: పాత నిబంధన దేవునికి కోపమెక్కువ, దయంతా కొత్త నిబంధనలోనే.

మా పెద్దమ్మదీ అదే నమ్మకం. ఆమెకు చదువు రాదు. బైబిలును తువ్వాలలో చుట్టి తెచ్చి నా చేతిలో పెడుతుంది. "కీర్తనలు సదువు బిడ్డా, ముందటివి వద్దు, భయమైతది" అంటుంది.

ఈ అపోహ చాలా పాతది. 2వ శతాబ్దంలో మార్కియన్ అనే బోధకుడు ఇద్దరు దేవుళ్లున్నారనేదాకా పోతే, రోము సంఘం అతన్ని వెలివేసింది. పెద్దమ్మ భయపడే ఆ 'ముందటి' పుస్తకాల్లోనే నిర్గమకాండం ఉంది. జనం బంగారు దూడకు మొక్కిన తర్వాత, 34వ అధ్యాయంలో దేవుడు మోషే ఎదుట తన పేరు తానే చాటుకుంటాడు. అక్కడ తన గుణాల్లో మొదట చెప్పుకున్నది కనికరం. హీబ్రూలో 'రహూమ్'. తల్లి గర్భాన్ని 'రెహెమ్' అంటారు, రెండు మాటలకూ మూలాక్షరాలు ఒకటే. మనం కడుపుతీపి అంటామే, అది. ఆ వెంటే 'హెసెద్', మన బైబిల్లో కృప. ఎదుటివాడు మాట తప్పినా తాను విడిచిపెట్టకపోవడం. 136వ కీర్తనలో 26 వచనాలుంటే 26 సార్లూ పల్లవి అదే. శిక్ష లేదని నేను అనను. దోషిని ఊరికే వదలనని అదే అధ్యాయంలో ఉంది. కానీ శిక్ష మూడు నాలుగు తరాలకైతే, కృప వేలకు వేలమందికి.

రెండో అపోహ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. సన్నిధి ఫలానా చోటే దొరుకుతుందట. 'సన్నిధి' మన దగ్గర అందరి మాట. వట్టెం వెంకటేశ్వరుని గుడికి పోయేవాళ్లూ స్వామి సన్నిధి అనే అంటారు. హీబ్రూలో సన్నిధిని 'పానీమ్' అంటారు, అంటే ముఖం. పట్నంలో పెద్ద సభకు పోతేనే ప్రార్థన ఫలిస్తుందని అప్పుచేసి బస్సెక్కేవాళ్లను చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఆమోసు ప్రవక్త గొర్రెలు కాచుకుంటూ మేడిపండ్లు ఏరుకున్నవాడు, మన పాలమూరు మనిషిలాంటివాడే. దేవుణ్ణి వెదకండి, బ్రతుకుతారు, బేతేలుకూ గిల్గాలుకూ పరుగెత్తకండి అన్నాడు. పేదవాణ్ణి చెప్పుల జతకు అమ్ముకునేవాళ్ల పాటలు దేవుడు వినడనీ చెప్పాడు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది: కూలివాడి కూలి పొద్దు గూకకముందే ఇవ్వాలి, వాడి ప్రాణమంతా దానిమీదే ఉంటుంది. పత్తి ఏరినోళ్లకు వారం వారం వాయిదా చెప్పి, ఆదివారం కానుకపెట్టెలో నోటు వేసే చెయ్యి ఎవరి ముఖాన్ని వెదుకుతున్నట్టు?

ఆ కనికరం ఇశ్రాయేలీయులకే అనేవాళ్లూ ఉన్నారు. ఎడారిలో దేవుడు పలకరించిన హాగరు ఐగుప్తు దాసి. నీనెవె శత్రువుల పట్టణం, లక్షా ఇరవై వేలకు పైగా జనం. దాన్ని దేవుడు క్షమించాడనే యోనా ప్రవక్త అలిగాడు.

ఇక, ఏడుస్తూ అడిగితే విశ్వాసం తక్కువైనట్టే అనే మాట. కొడుకు పనికోసం వలసపోయి ఫోను చేయని నెలల్లో పెద్దమ్మ ఈ మాట చాలాసార్లు పడింది. మొన్న ఆమెకు 88వ కీర్తన చదివాను. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటికి చివర స్తుతి ఉంటుంది, దీనికి లేదు. రాత్రింబగళ్లు మొరపెట్టినవాడు, నీ ముఖమెందుకు దాచుకున్నావని అడిగి, ఆఖరికి చీకట్లోనే ఆగిపోతాడు. హీబ్రూలో చివరి మాట చీకటే.

పెద్దమ్మ కొంగు ముడిలోని కానుక రూపాయిని తడుముకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.

"ఇది గూడ ప్రార్థననేనా బిడ్డా?"

"ప్రార్థననే పెద్దమ్మా. దేవుని గ్రంథంలనే రాసి పెట్టిన్రు."

"అయితే ఇంకొక్కపారి సదువు."